అప్పు చేతికి రాకముందే కోతలు
తాకట్టు పేరిట రైతుకు టోపీ : ముందు కట్టిన ఫీజు రాబట్టుకునే దారులు ఇవీ

రొంపిచెర్ల : సాగర్ కుడి కాలువకు నీరు వదిలారన్న కబురు వస్తే ఈ ప్రాంతపు రైతుకు ఒకపక్క సంతోషం, మరోపక్క దిగులు. నీరు వచ్చింది సరే, పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలన్నదే ఆ దిగులు. మిరప సామాన్యమైన పైరు కాదు. నారు, దుక్కి, ఎరువు, పురుగుమందు, చివరికి కోత కూలి వరకు అన్నిటికీ రొక్కం కావాలి. కాయ ఎండి గుంటూరు యార్డుకు చేరేదాకా పైసా తిరిగి రాదు. ఈ లోపల ఇంట్లో పెళ్లి వచ్చినా, ఆస్పత్రి ఖర్చు వచ్చినా బీరువాలోని పాసుపుస్తకం, దస్తావేజులు బయటికి తీయక తప్పదు.

పొలం తాకట్టు పెట్టడం కొత్త సంగతి కాదు. తాతల నాటినుంచీ వున్నదే. అయితే అప్పు ఇంకా చేతికి రాకముందే కాగితాల ఖర్చనీ, సర్వే ఖర్చనీ, మధ్యవర్తి కమీషననీ, ప్రాసెసింగ్ ఫీజనీ వేలకు వేలు గుంజుకునేవారు తయారయ్యారు. కొందరు ఫీజు తీసుకుని అప్పు ఇవ్వరు. మరికొందరు అప్పు ఇస్తారు గాని, తాకట్టు అని చెప్పి అమ్మకం కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మొదటి మోసంలో వేలు పోతాయి. రెండో మోసంలో చేనే పోతుంది.

కట్టిన ఫీజు ఎలాగూ రాదని, కోర్టుల చుట్టూ తిరగలేమని చాలామంది ఊరుకుంటున్నారు. నిజానికి రాబట్టుకునే దారులు వున్నాయి. వాటిలో కొన్నిటికి పైసా ఖర్చు లేదు.

కాగితం మీద రెండు లక్షలు

ముందుగా లెక్క చూద్దాం. ఒక రైతు రెండెకరాలు తాకట్టు పెట్టి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు అప్పు తీసుకున్నాడనుకుందాం. నెల వడ్డీ 6 వేలు. మొదటి నెల వడ్డీ ముందే పట్టుకుంటారు. కాగితాల ఖర్చు కింద 4 వేలు, కుదిర్చిన మధ్యవర్తికి మరో 4 వేలు. మొత్తం 14 వేలు కోత. రైతు చేతికి వచ్చేది 1 లక్ష 86 వేలు. ప్రోనోటు మాత్రం 2 లక్షలకే.

ఏడాది తిరిగేసరికి మిగిలిన 11 నెలల వడ్డీ 66 వేలు, అసలు 2 లక్షలు, వెరసి 2 లక్షల 66 వేలు కట్టాలి. చేతికి వచ్చిన దానికంటే 80 వేలు ఎక్కువ. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36 అనుకుని దిగిన రైతు నిజానికి నూటికి 43 రూపాయలు చెల్లిస్తున్నాడన్నమాట. ఈ తేడా అంతా ముందు కోతల్లోనే దాగి వుంది.

ఇదే రైతు బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులో కట్టేస్తే మరో 3 శాతం రాయితీ పోను 4 శాతమే. అంటే 2 లక్షలకు ఏడాదికి 8 వేలు. 3 లక్షల వరకు పంట రుణాలకు ప్రాసెసింగ్, తనిఖీ, కాగితాల రుసుములు వదిలివేయాలని 2019లోనే బ్యాంకుల సంఘం తన బ్యాంకులకు చెప్పింది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి పొలం తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

మరి రైతు ప్రైవేటు అప్పుకు ఎందుకు పోతాడన్న ప్రశ్న వస్తుంది. కౌలు రైతుకు తన పేర పాసుపుస్తకం వుండదు. కొందరికి పాత బాకీ అడ్డం. మరికొందరికి బ్యాంకు ఇచ్చే మొత్తం మిరప ఖర్చులో సగానికి చాలదు. ఈ అవసరాన్ని కనిపెట్టినవాడే ముందుగా ఫీజు అడుగుతాడు.

ఫోనులో వచ్చే కంపెనీ

ఇటీవలి సంవత్సరాల్లో మరో రకం బయలుదేరింది. ఫలానా ఫైనాన్సు కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని ఫోను వస్తుంది. పొలం కాగితాల మీద తక్కువ వడ్డీకి 5 లక్షలు మంజూరు చేస్తామంటారు. పేరున్న కంపెనీ ముద్రతో మంజూరు పత్రం కూడా ఫోనుకు పంపుతారు. ముద్రా రుణాల పేరిట ఇలాంటి దొంగ మంజూరు పత్రాలు తిరుగుతున్నాయని, వాటిని నమ్మవద్దని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పలుమార్లు హెచ్చరించింది.

మొదట ప్రాసెసింగ్ ఫీజు అడుగుతారు. అది కట్టగానే బీమా ప్రీమియం అంటారు. తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత ఖాతా తెరిచే రుసుము. ఇంకొక్కటి కడితే సొమ్ము మీ ఖాతాలో పడుతుందని ఊరిస్తూ పోతారు. కట్టింది పోతుందేమోనన్న భయంతో రైతు మళ్లీ మళ్లీ కడతాడు. ఒకరోజు ఆ ఫోను మూగబోతుంది.

నిజమైన బ్యాంకు గాని, రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరయిన ఫైనాన్సు కంపెనీ గాని రుసుము తీసుకుంటే తన పేరున్న ఖాతాకే తీసుకుంటుంది. రసీదు ఇస్తుంది. ఒక వ్యక్తి పేరున్న ఖాతాకు ఫోనులో పంపమన్నారంటే అది మోసమేనని తెలుసుకోవాలి. కంపెనీ నిజమైనదా కాదా అన్నది రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోను, ‘సచేత్’ అనే వెబ్‌సైటులోను చూడవచ్చు. తామే చూసుకోలేనివారు గ్రామ సచివాలయంలో గాని, చదువుకునే పిల్లలచేత గాని చూపించుకోవచ్చు.

ఏ కాగితం రాశారు?

పొలం తాకట్టుకు సంబంధించిన మూల చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. వంద రూపాయలకు మించిన తాకట్టు దస్తావేజు రిజిస్టరు కావాలి. తాకట్టు పెట్టినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు వుండాలి. ఈ చట్టం తాకట్టును అనేక రకాలుగా విడదీసింది. మన వూళ్లలో సాధారణంగా కనిపించేవి మూడు.

మొదటిది సాదా తనఖా. ఇందులో పొలం రైతు చేతిలోనే వుంటుంది. బాకీ తీరకపోతే అప్పిచ్చినవాడు కోర్టుకు వెళ్లి, డిక్రీ తెచ్చుకుని, కోర్టు ద్వారా వేలం వేయించుకోవాలి. అంతేగాని నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి చేనులో దిగడానికి వీల్లేదు.

రెండవది స్వాధీన తనఖా. భోగ్యం అని కూడా అంటారు. పొలం అప్పిచ్చినవాడి చేతికి పోతుంది. ఫలసాయం వడ్డీకి చెల్లు, లేదా ఒప్పందాన్ని బట్టి అసలుకు కూడా చెల్లు. అతను ఆదాయానికి, ఖర్చుకు లెక్క రాయాలి. అడిగితే చూపాలి. ఇలాంటి తనఖాలో ఇన్నేళ్లు దాటాయి గనుక పొలం నాదే అనడానికి వీల్లేదని 2014లో సింగ్‌రామ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

మూడవది షరతు విక్రయం. చూడడానికి అమ్మకం, అసలుకు తాకట్టు. ఫలానా గడువులో సొమ్ము తిరిగి ఇస్తే పొలం తిరిగి రాసివ్వాలన్న షరతు ఇందులో వుంటుంది. ఆ షరతు అదే దస్తావేజులో రాసి వుండాలి. వేరే కాగితం మీద రాసుకున్నా, నోటిమాటగా అనుకున్నా చట్టం దానిని తాకట్టుగా లెక్కించదు. 1929లో చేసిన సవరణ ఇది. దాదాపు వందేళ్లయినా ఈ ఒక్క సంగతి తెలియక పొలాలు పోగొట్టుకుంటున్న వారున్నారు.

రకం ఏదయినా తాకట్టు విడిపించుకునే హక్కును రైతునుంచి ఎవరూ తీసివేయలేరు. గడువు దాటితే పొలం నీది కాదు అని దస్తావేజులో రాసుకున్నా ఆ మాట చెల్లదు. తాకట్టు ఎప్పటికీ తాకట్టేనన్నది కోర్టులు పాటిస్తున్న సూత్రం. విడిపించుకునేందుకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం 30 ఏళ్లు గడువిచ్చింది.

అమ్మకం రాయించుకుంటే

అసలు చిక్కు ఇక్కడే వుంది. ‘తాకట్టు రాస్తే మళ్లీ కోర్టు గొడవ. నామకార్థం అమ్మకం రాసివ్వు, బాకీ తీరగానే తిరిగి రాసిస్తాను’ అని అప్పిచ్చేవాడు అంటాడు. అవసరంలో వున్న రైతు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేసి వస్తాడు. మూడేళ్లకు పొలం ధర పెరుగుతుంది. తిరిగి రాసిస్తానన్న మాట గాలికి పోతుంది.

ఇలాంటి సందర్భంలో రైతుకు పూర్తిగా దారి మూసుకుపోలేదు. 1981లో గంగాబాయి, ఛబుబాయి కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే తగాదా వచ్చింది. 2 వేల రూపాయల అప్పుకు హామీగా అమ్మకపు దస్తావేజు రాసిచ్చారు. అది అమలు చేసుకోవడానికి రాసుకున్నది కాదని, కేవలం నామమాత్రపు కాగితమని చూపేందుకు నోటి సాక్ష్యం కూడా ఇవ్వవచ్చునని కోర్టు చెప్పింది. తీర్పు ఆస్తి యజమానురాలికే అనుకూలంగా వచ్చింది.

అయితే సాక్ష్యం కావాలి. పొలం ఇంకా తన సాగులోనే వుందా, అడంగల్‌లో ఎవరి పేరుంది, దస్తావేజులో చూపిన ధర అప్పటి మార్కెట్ ధరకు ఎంత తక్కువ, రాసిన తర్వాత కూడా వడ్డీ కట్టినట్టు చీటీలున్నాయా అన్నవి కోర్టులో పనికివచ్చే సంగతులు. వడ్డీని చేతికి ఇవ్వకుండా బ్యాంకు ఖాతా ద్వారానో ఫోను ద్వారానో పంపిన రైతుకు ఈ సాక్ష్యం తేలికగా దొరుకుతుంది. అమ్మినవాడు వడ్డీ ఎందుకు కడతాడు అన్న ఒక్క ప్రశ్నకు అవతలివాడి దగ్గర జవాబుండదు.

మరికొందరు అమ్మకం బదులు అమ్మకపు ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటారు. ఈ రెండు కాగితాలతో పొలం మీద హక్కు మారదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాని ఆ పవరు పట్టుకుని అతను మూడోవాడికి అమ్మివేసే ప్రమాదం వుంది. మోసం బయటపడగానే రిజిస్టరు దస్తావేజు ద్వారా పవరు రద్దు చేసి, అతనికి నోటీసు పంపడం అవసరం.

ఖాళీ నోటు, ఖాళీ చెక్కు

పొలం కాగితాలతో పాటు సంతకం చేసిన ఖాళీ ప్రోనోట్లు, ఖాళీ చెక్కులు తీసుకోవడం అప్పిచ్చేవారికి పరిపాటి. అంకె తర్వాత వేసుకుంటారు. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ స్టాంపు నోటును పూర్తి చేసుకునే అధికారం పుచ్చుకున్నవాడికి చట్టమే ఇస్తున్నది. ఖాళీ చెక్కయినా ఇష్టపడి సంతకం చేసి ఇస్తే అది బాకీ కిందే ఇచ్చినట్టు భావించాలని 2019లో బీర్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని చూపే భారం సంతకం చేసినవాడిపైనే పడుతుంది.

కాబట్టి అంకె, తేదీ, వడ్డీ రేటు వేయని నోటుపై సంతకం పెట్టకూడదు. కట్టిన ప్రతి పైసాకు నోటు వెనుక చెల్లు వేయించుకోవాలి. చెల్లు వేసిన నోటును ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోవాలి. ప్రోనోటుకు గడువు మూడేళ్లు. అందుకే మూడేళ్లు నిండబోయే ముందు వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయిస్తుంటారు. తిరగరాసేటప్పుడు పాత నోటు వెనక్కి తీసుకోకపోతే ఒకే బాకీకి రెండు నోట్లు నిలుస్తాయి.

చెక్కు చెల్లలేదని వకీలు నోటీసు వస్తే దాచిపెట్టి ఊరుకోవడం మరో పొరపాటు. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించకపోతే కేసు వేయవచ్చు. ఆ గడువులోనే తన వాదన రాసి జవాబు పంపినవాడికి తర్వాత కోర్టులో ఆధారం మిగులుతుంది.

ఫీజు వెనక్కి రావాలంటే

అప్పు ఇస్తామని ఫీజు తీసుకుని ఇవ్వకపోతే చేయవలసిన పనులు ఒక క్రమంలో వున్నాయి.

ఫోను ద్వారా గాని, బ్యాంకు ద్వారా గాని సొమ్ము పంపి మోసపోయినవారు గంట కూడా ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. దేశమంతటికీ ఇదే నంబరు. ఏ బ్యాంకు నుంచి, ఏ ఖాతాకు, ఏ తేదీన, ఎంత పంపారు, లావాదేవీ నంబరు ఏమిటి అన్నవి చెప్పాలి. సొమ్ము ఇంకా అవతలి ఖాతాలోనే వుంటే దానిని అక్కడే నిలిపివేస్తారు. మర్నాడు చేద్దాంలే అనుకుంటే ఈ లోపల సొమ్ము నాలుగు ఖాతాలు మారిపోతుంది. తర్వాత సొంత బ్యాంకు శాఖలో కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి.

మనిషి తెలిసినవాడయి, ముఖాముఖి తీసుకున్నదయితే మొదట ఒక నోటీసు పంపాలి. ఇందుకు వకీలే కావాలని లేదు. ఏ తేదీన, ఎంత, దేనికోసం, ఎవరి ఎదుట ఇచ్చారో తెలుగులోనే రాసి, ఫలానా తేదీలోగా తిరిగి ఇవ్వాలని అడగాలి. అందినట్టు ఆధారం వచ్చే పద్ధతిలో పోస్టులో పంపి, నకలు, పోస్టు రసీదు దాచుకోవాలి. పోలీసు కేసు గాని, దావా గాని వస్తుందని తెలిసిన తర్వాత పెద్దమనుషుల ఎదుట సొమ్ము తిరిగి ఇచ్చేవారు వుంటారు. అలా ఇస్తే మంచిదే. ఇచ్చినంతవరకు రసీదు రాసి, మిగతా బాకీ ఎంతో అందులోనే చూపాలి.

ఇవ్వకపోతే పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. అప్పు ఇచ్చే ఉద్దేశం మొదటినుంచీ లేకుండానే ఫీజు తీసుకోవడం మోసం కిందకు వస్తుంది. పూర్వం 420 కేసు అనేవారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 318వ సెక్షన్. ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో తీసుకోకపోతే నరసరావుపేటలోని జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు పోస్టులో పంపవచ్చు. అక్కడా జరగకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు.

పోలీసు కేసు వేరు, సొమ్ము రాబట్టుకోవడం వేరు. ఇచ్చిన సొమ్ముకు ప్రతిఫలం రాకపోతే మూడేళ్లలోగా సివిల్ కోర్టులో దావా వేయాలి. మోసంతో చేయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకుని, పుచ్చుకున్నది తిరిగి ఇమ్మని అడిగే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే వుంది. ఫీజు పుచ్చుకుని సేవ చేయని కంపెనీ అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ రుసుము లేదు. వకీలు లేకుండా తామే వాదించుకోవచ్చు. సలహాకు 1915 నంబరు వుంది.

వకీలును పెట్టుకునే స్తోమతు లేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తారు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేదు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. అక్కడ ఇచ్చిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు.

బ్యాంకు, ఫైనాన్సు కంపెనీ అయితే

రిజర్వు బ్యాంకు అదుపులో వున్న సంస్థలకు నిబంధనలు గట్టిగానే వున్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు ఇచ్చే కొత్త రుణాలకు ముందుగా ఒక వివర పత్రం ఇవ్వాలి. వడ్డీతో పాటు అన్ని ఫీజులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో చూపాలి. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో వుండాలి. ఆ పత్రంలో లేని ఫీజును రుణగ్రహీత ఒప్పుకోకుండా తర్వాత వసూలు చేయడానికి వీల్లేదు. తెలుగులో వివర పత్రం ఇవ్వండి అని అడగడం రైతు హక్కు.

బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి కాగితాలన్నీ తిరిగి ఇవ్వాలి. 2023 డిసెంబరు 1 నుంచి అమలులో వున్న ఆదేశం ఇది. ఆలస్యం సంస్థ వల్లనే జరిగితే రోజుకు 5 వేల రూపాయల చొప్పున రైతుకు పరిహారం చెల్లించాలి. పది రోజులు ఆలస్యమైతే 50 వేలు. కాగితాలు పోయాయంటే నకళ్లు తెప్పించే ఖర్చు కూడా వారిదే.

అక్రమంగా ఫీజు పట్టుకుంటే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు. చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల కేంద్రానికి పోస్టులో పంపినా చాలు. వివరాలకు 14448 నంబరు వుంది.

మరొక సంగతి. బాకీదారు ఆస్తిని కోర్టుకు పోకుండానే స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. అయితే వ్యవసాయ భూమిని ఆ చట్టం నుంచి మినహాయించారు. ఆ చట్టం పేరు చెప్పి సాగులో వున్న పొలాన్ని వేలం వేస్తామంటే రైతు ఈ మినహాయింపును చూపవచ్చు.

చట్టాలు కొత్తవి కావు

రైతు అప్పుల మీద ప్రభుత్వాలు కలుగజేసుకోవడం ఇవాళ మొదలయింది కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం వుండగా 1938లో రైతు రుణ ఉపశమన చట్టం వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తర్వాత కూడా కోస్తా జిల్లాల్లో అది కొనసాగింది. అన్యాయమైన వడ్డీని కోర్టు తిరగదోడి తగ్గించేందుకు 1918లోనే ఒక చట్టం వుంది. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు, చిన్న రైతులు ప్రైవేటు వారికి పడిన బాకీలను చట్టం ద్వారా రద్దు చేసింది.

2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న ఆందోళనతో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడాది అది చట్టమయింది. ఆ సంస్థలు హామీ పుచ్చుకోకూడదని, అసలుకు మించి వడ్డీ రాబట్టకూడదని అందులో వుంది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు పోలీసులు వడ్డీ వ్యాపారుల ఇళ్లలో సోదాలు చేసి ప్రోనోట్లు, ఖాళీ చెక్కులు, ఆస్తి పత్రాలు పట్టుకున్నారు. ఒకరు ధైర్యం చేసి ఫిర్యాదు ఇస్తేనే మిగతావారి కాగితాలు కూడా బయటపడతాయని ఆ వ్యవహారం తెలిపింది.

బాకీ తీరాక మరవరాదు

సొమ్ము కట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. రిజిస్టరు చేసిన తాకట్టు అయితే బాకీ తీరినట్టు రసీదు కూడా రిజిస్టరు చేయించాలి. లేకపోతే ఈసీలో ఆ తాకట్టు అలాగే కనిపిస్తుంది. రేపు పిల్లల చదువుకో, బ్యాంకు రుణానికో వెళ్లినప్పుడు అదే అడ్డం వస్తుంది. ప్రోనోటును చేతికి తీసుకుని, చెల్లయినట్టు రాయించుకోవాలి.

కట్టబోతే పుచ్చుకోకుండా తప్పించుకు తిరిగే అప్పుదారులూ వుంటారు. వడ్డీ పెరగాలి, పొలం దక్కాలి అన్నది వారి ఎత్తు. ఇందుకూ చట్టంలో మందు వుంది. గడువు వచ్చిన తర్వాత బాకీ మొత్తాన్ని రైతు కోర్టులో డిపాజిట్ చేయవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 83వ సెక్షన్ ఈ వీలు కల్పించింది. సరైన మొత్తం డిపాజిట్ చేసి, అప్పుదారుకు నోటీసు అందేలా చూస్తే ఆ తర్వాత వడ్డీ ఆగిపోతుంది.

సంతకం పెట్టే ముందు

దస్తావేజు పైన ఏమని రాసి వుందో మొదట చూడాలి. తనఖా అని వుందా, విక్రయం అని వుందా అన్న ఒక్క మాట మీద పొలం ఆధారపడి వుంటుంది. చదువురానివారు అప్పిచ్చేవాడి మనిషిచేత గాక తమవైపు వారిచేత చదివించుకోవాలి. సొమ్మును బ్యాంకు ద్వారానే పుచ్చుకోవాలి. అప్పుడు చేతికి ఎంత వచ్చిందో ఎవరూ కాదనలేరు. ముందు కోసుకున్న ప్రతి రూపాయికి దేనికోసమో రాసిన రసీదు అడగాలి. రసీదు ఇవ్వనంటే ఆ అప్పు ఒప్పుకోకపోవడం మేలు. అసలు పాసుపుస్తకం, దస్తావేజులు ఇచ్చేటప్పుడు ఏయే కాగితాలు ఇచ్చారో జాబితా రాసి సంతకం తీసుకోవాలి. ఇంట్లో ఆడవారికి ఈ సంగతులన్నీ తెలిసి వుండాలి. యజమానికి ఏమయినా అయితే వడ్డీ వ్యాపారి వచ్చి నిలబడేది వారి ముందే.

ఈ విషయాలు రైతులకు తెలియజెప్పవలసిన బాధ్యత అధికారులపై వుంది. రైతు సేవా కేంద్రాల్లో ఎరువుల ధరల పట్టిక పెట్టినట్టే బ్యాంకు రుణాల వడ్డీలు, రుసుములు, 1930, 14448, 15100 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. మిరప నార్లు పోసే రోజుల్లోనే, అంటే రైతు అప్పుకు బయలుదేరే ముందే, న్యాయసేవల సంస్థ వారు ఊరూరా సదస్సులు జరపాలి. కౌలు రైతులకు సాగు హక్కు కార్డులు సకాలంలో ఇచ్చి, వాటిపై బ్యాంకులు రుణాలు ఇచ్చేలా చూడాలి. ఈ పనులు నార్ల సీజనుకు ముందే జరిగితే ఈ ఏడాదికయినా కొన్ని చేలు తాకట్టు పడకుండా మిగులుతాయి.